ఆరని రంగు, ఆగని పువ్వు

దండెం మీద తడి బట్ట ఆరినట్టు ఆయిల్ కలర్ ఆరదు. బట్టలోంచి నీరు ఆవిరై పోతుంది, బట్ట తేలికవుతుంది. కాన్వాస్ మీద పూసిన నూనె రంగు ఆరేకొద్దీ బరువెక్కుతుంది! గాలిలోని ఆక్సిజన్‌ని లోపలికి తీసుకుని, దాని సాయంతో తన అణువులను ఒకదానికొకటి ముడివేసుకుని, ద్రవంగా ఉన్న నూనె గట్టి పొరగా మారుతుంది. అవిసె నూనెను గాజు పలక మీద పలచగా పూసి రోజూ తూచి చూస్తే మొదటి దశలో దాని బరువు పది శాతానికి పైగా పెరుగుతుంది. ఆ తర్వాత కొన్ని చిన్న అణువులు విడివడి గాలిలో కలవడంతో కొంత తగ్గుతుంది. కొత్త బొమ్మ ఉన్న గదిలో రోజుల తరబడి వదలని ఆ పచ్చి వాసన చాలావరకు ఈ అణువులదే.

వారమంతా బొమ్మలు వేసే వృత్తి చిత్రకారుడికి ఈ ఆలస్యంతో పెద్ద చిక్కు లేదు. ఒక కాన్వాస్ గోడకు ఆనించి ఇంకొకటి అందుకుంటాడు. ఆదివారం పొద్దున మాత్రమే కుంచె పట్టే మాలాంటివాళ్ళకి మాత్రం బొమ్మ బాగా రావడమూ చెడడమూ ఎక్కువగా దీని మీదే ఆధారపడి ఉంటుంది. మేం సాధారణంగా వేసేవి రెండు: ఇంట్లోవాళ్ళ ముఖాలు, ఆ కాలంలో దొరికే పువ్వులు. మాఘం చివర్లో మోదుగ, బూరుగ. ఫాల్గుణంలో మామిడి పూత, వేప పూత. ఎండలు ముదిరితే మల్లెలు, రేల పూలు. ముఖం వచ్చే ఆదివారం మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంటుంది. మోదుగ కొమ్మ మధ్యాహ్నానికే తలవేలాడేస్తుంది. నూనె అదే, కుంచె అదే. ఎదుట కూర్చున్నవాళ్ళ ఓపిక వేరు.

వంటింటి నూనెలూ రంగు నూనెలూ

కొబ్బరినూనె పలకకు పూసి ఏడాది ఆగినా అది జిడ్డుగానే ఉంటుంది. వేరుశనగ నూనెదీ దాదాపు అదే కథ. అవిసె నూనె మాత్రం పలచని పొరగా పూస్తే కొద్ది రోజుల్లో వేలికి అంటకుండా గట్టిపడుతుంది. తేడా అంతా కొవ్వు ఆమ్లాల గొలుసుల్లో ఉంది. కొబ్బరినూనెలో తొంభై శాతం దాకా సంతృప్త ఆమ్లాలే. వాటిలో ఆక్సిజన్‌కు పట్టు దొరకదు. అవిసె నూనెలో సగానికి అటూ ఇటూగా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది. దాని గొలుసులో మూడు చోట్ల కార్బన్ల మధ్య జంట బంధాలుంటాయి. రెండు జంట బంధాలకు నడుమ ఇరుక్కున్న కార్బన్ మీది హైడ్రోజన్ చాలా తేలిగ్గా ఊడిపోతుంది. ఖాళీ అయిన ఆ చోటికి ఆక్సిజన్ చేరి పెరాక్సైడ్ అవుతుంది. అది విరిగి పక్క గొలుసును పట్టుకుంటుంది, ఆ గొలుసు ఇంకోదాన్ని పట్టుకుంటుంది. చివరికి పొర మొత్తం ఒకే వల అయిపోతుంది. ఇక టర్పెంటైన్ పోసినా అది మళ్ళీ నూనె కాదు.

గసగసాల నూనె, కుసుమ నూనె కూడా ఆరేవే, కాకపోతే నెమ్మదిగా ఆరుతాయి. వాటిలో ముఖ్యమైన లినోలెయిక్ ఆమ్లానికి జంట బంధాలు రెండే. లినోలెనిక్ తక్కువ కాబట్టి అవిసె నూనె అంతగా పసుపెక్కవు కూడా. తెల్లరంగు ట్యూబుల్లో చాలా కంపెనీలు కుసుమ నూనె వాడేది ఇందుకే. తాండూరు వైపు చేలల్లో ముళ్ళ మధ్య నారింజ రంగులో పూసే కుసుమ పంట నూనె చిత్రకారుడి ట్యూబులోకీ చేరుతుందన్నది మన పాఠకుల్లో చాలామందికి కొత్త సంగతే కావచ్చు. అవిసెదైతే ఇంకా పెద్ద వాటా. లినెన్ కాన్వాస్ నేసేది ఆ మొక్క నారతోనే. మంచి పాత తైలవర్ణ చిత్రంలో బట్టా నూనే రెండూ ఒకే మొక్కవి.

ఆయిల్ పెయింటింగ్‌ను పదిహేనో శతాబ్దంలో ఫ్లాండర్స్ చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ కనిపెట్టాడన్న మాట ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ మాట పుట్టించినవాడు ఇటలీ చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి. వాన్ ఐక్ ఆ పద్ధతిని ఎవరూ ఊహించని స్థాయికి తీసుకెళ్ళాడు, అంతవరకు నిజం. అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ గుహల గోడ చిత్రాల నమూనాలను ఫ్రాన్స్‌లోని సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్-కిరణాలను పుట్టించే యంత్రం) కేంద్రంలో పరీక్షించినప్పుడు, ఏడో శతాబ్దం నాటి బౌద్ధ చిత్రాల్లో ఆరే గుణమున్న నూనె ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఆ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. అక్రోటు నూనో గసగసాల నూనో అయ్యుండాలని పరిశోధకుల అంచనా. అంటే ఐరోపా చిత్రకారుల కంటే వందల ఏళ్ళ ముందే మన ఖండంలోని ఒక భిక్షువుల గుహలో ఎవరో నూనె ఆరేదాకా ఎదురుచూశారు.

ఆరే వేగాన్ని రంగు పొడి కూడా మారుస్తుంది. ఔత్సాహికులకు ఎవరూ ముందుగా చెప్పని విషయమిది. బర్న్‌ట్ అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది. మాంగనీస్, కోబాల్ట్, సీసం లాంటి లోహాలు పెరాక్సైడ్లు విరగడాన్ని త్వరపెడతాయి. అందుకే అంబర్‌తో పలచగా వేసిన తొలి గీతలు మర్నాటికో ఎల్లుండికో ఆరిపోతాయి. అలిజరిన్ క్రిమ్సన్, ఐవరీ బ్లాక్, కాడ్మియం ఎరుపు వారం దాటినా పచ్చిగానే ఉండొచ్చు. ముఖచిత్రాన్ని ముందు అంబర్‌తో ఏకవర్ణంలో దిద్దుకుని మీద రంగులు వేసే పాత అలవాటు వెనక ఉన్నది ఈ మాంగనీసే. ఈ రసాయనం తెలియకుండానే ఇటలీ చిత్రకారుల కార్ఖానాల్లో కుర్రాళ్ళు దీన్ని చేతి అలవాటుగా నేర్చుకున్నారు.

పై పొరలో నూనె ఎక్కువ, కింది పొరలో తక్కువ ఉండాలన్న సూత్రం కూడా ఈ ఆరే వేగాల తేడా నుంచే వచ్చింది. నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా గట్టిపడుతుంది, ఎక్కువకాలం సాగుతూ కుదించుకుంటూ ఉంటుంది. దాని మీద త్వరగా బిగుసుకుపోయే పొర వేస్తే కింద కదలిక ఆగదు, పైన సాగే గుణం ఉండదు. పగుళ్ళు అక్కడే పుడతాయి. మన ఎండాకాలం ఈ చర్యలన్నిటినీ వేగవంతం చేస్తుంది. వానాకాలం వచ్చిందంటే అదే రంగు ముక్కుతూ మూలుగుతూ ఆరుతుంది, కాన్వాస్ కూడా తేమకు బిగువు మారుతుంది. ఐరోపా పుస్తకాల్లో రాసిన ఆరే గడువులు మన ఊళ్ళకు సరిపడవు. ఏప్రిల్‌లో వాటిని తగ్గించుకోవాలి, ఆగస్టులో పెంచుకోవాలి.

పైనుంచి పడి లోపలి నుంచి వచ్చే వెలుగు

ముఖానికీ పువ్వుకీ ఇంకేం పోలిక ఉందంటే కవులు చెప్పేది వేరు, భౌతికశాస్త్రం చెప్పేది వేరు. రెండో దాంట్లో నాకు ఎక్కువ అందం కనిపిస్తుంది.

చర్మం పైపొర చాలా పలచన, చాలాచోట్ల మిల్లీమీటరులో పదో వంతు. మెలనిన్ ఉండేది అందులో. దాని కింద కొలాజెన్ పోగులతో నిండిన మందపాటి లోపలి పొర, అందులో సన్నని రక్తనాళాలు. కొలాజెన్ పోగులు వెలుగును అన్ని దిక్కులకూ చెదరగొడతాయి, కాబట్టి ఆ పొర తనంతట తాను తెల్లనిది. చర్మం మీద పడ్డ వెలుగులో నాలుగైదు శాతం పైనుంచే అద్దంలోలా తిరిగి వెళ్ళిపోతుంది. మిగిలింది మెలనిన్‌ను దాటి లోపలికి దిగి, కొలాజెన్‌లో అటూ ఇటూ తిరిగి, రక్తానికి కొంత పోగొట్టుకుని, మళ్ళీ మెలనిన్ గుండా బయటికొస్తుంది. మనం చూసే ఒంటిరంగు ఈ ప్రయాణం చేసి వచ్చిన వెలుగు. ఎరుపు మిగతా రంగుల కంటే లోతుకు పోయి దూరంగా తేలుతుంది. సాయంత్రం ఎండకు వీపుపెట్టి నిలబడ్డవాళ్ళ చెవులు ఎర్రగా వెలగడానికీ, ముఖం మీద వెలుగు నీడలోకి జారే అంచు కాస్త ఎర్రబారడానికీ కారణం అదే.

పువ్వు రేకును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఏర్పాటు ఆశ్చర్యంగా ఇలాంటిదే. చాలా పువ్వుల్లో రంగు పదార్థం పైపొర కణాల్లో ఉంటుంది. నడుమ భాగం గాలి ఖాళీలతో వదులుగా ఉంటుంది. కణానికీ గాలికీ వక్రీభవన గుణకంలో (వెలుగును వంచే శక్తిలో) ఉన్న తేడా వల్ల అక్కడ వెలుగు చెదిరి వెనక్కి తిరుగుతుంది, దారిలో రంగు పొరను రెండోసారి దాటుతుంది. ఇంట్లోనే పరీక్షించాలంటే మల్లె రేకు ఒకటి వేళ్ళ మధ్య నలపండి. తెలుపు పోయి నీళ్ళ రంగులో పారదర్శకమైపోతుంది. మల్లెలో తెల్లరంగు పదార్థమంటూ ఏదీ లేదు. ఉన్నది గాలి, దాన్ని మనం నలిపేశాం. పైపొర కణాలు కొన్ని పువ్వుల్లో చిన్న చిన్న శంకువుల్లా లేచి ఉంటాయి. అవి మెరుపును చెదరగొట్టి, వెలుగును రంగులోకి ఎక్కువగా పంపుతాయి. గులాబి రేకుకు మఖమల్ లాంటి నిగారింపు ఇచ్చేవి అవే.

కింద వెలుగును తిప్పికొట్టే తెలుపు, పైన వెలుగును వడకట్టే పలచని రంగు. చర్మంలో ఇదే, రేకులో ఇదే. ఆయిల్ పెయింటింగ్‌లో గ్లేజ్ అనే పద్ధతి కూడా అచ్చంగా ఇదే. తెల్లగా తయారుచేసిన కాన్వాస్ మీద, లేదా ఆరిన తెల్లటి పొర మీద, పారదర్శకమైన రంగును నూనెలో పలచగా కలిపి పరుస్తారు. వెలుగు రంగును దాటి, తెలుపును తాకి, రంగును మళ్ళీ దాటి కంటికి చేరుతుంది. పాలెట్ మీద ఎంత కలిపినా రాని లోతు దీనితో వస్తుంది.

ఏ రంగు పారదర్శకం, ఏది కప్పేస్తుందో తేల్చేది కూడా వక్రీభవన గుణకమే. అవిసె నూనెది దాదాపు 1.48. సుద్దది 1.6 దగ్గర. తేడా తక్కువ కాబట్టి నూనెలో కలిపిన సుద్ద తెల్లదనం పోగొట్టుకుని మసక ముద్ద అవుతుంది. టైటానియం తెలుపుది 2.7 దాకా ఉంటుంది, అందుకే ఒక్క పూతతో కింద ఏమున్నా కనపడనివ్వదు. అల్ట్రామెరీన్ నీలానిది 1.5 దగ్గర, నూనెలో ముదురుగా, లోతుగా, పారదర్శకంగా కనిపిస్తుంది. నూనె వయసు పెరిగేకొద్దీ దాని గుణకం కూడా కొద్దికొద్దిగా పెరుగుతుంది. వందల ఏళ్ళ బొమ్మల్లో చిత్రకారుడు కప్పేసిన చెయ్యో, మార్చిన టోపీ అంచో మెల్లగా పైకి తేలేది ఈ కారణంతోనే.

చామనఛాయ ఏ ట్యూబులో ఉంది?

అంగడిలో 'ఫ్లెష్ టింట్' పేరుతో దొరికే లేత గులాబి ట్యూబు మన ఇళ్ళలోని ముఖాలకు దేనికీ పనికిరాదు. క్రేయాన్ల కంపెనీ క్రేయోలా 1962లోనే 'ఫ్లెష్' అన్న పేరు తీసేసి 'పీచ్' అని పెట్టుకుంది. ఆయిల్ ట్యూబుల మీద ఆ పేరు ఇంకా అక్కడక్కడ బతికే ఉంది.

మెలనిన్ నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా మింగుతుంది. కాబట్టి మనుషుల ఒంటిరంగులన్నీ, ఎంత తెల్లనివైనా ఎంత నల్లనివైనా, నారింజ పరిసరాల్లోనే తిరుగుతాయి. గోధుమరంగు అంటే వెలుగు తగ్గిన నారింజే. దీన్ని మట్టి రంగులతో పట్టుకోవచ్చు. ఎల్లో ఓకర్‌లో నీరు పట్టిన ఇనుప ఆక్సైడ్ ఉంటుంది. అలాంటి మట్టినే కాలిస్తే నీరు పోయి ఎర్రబడి బర్న్‌ట్ సియెన్నా అవుతుంది. ఆ ఎరుపు గడపలకు రాసే జేగురులోని హెమటైటే. సియెన్నా, ఓకర్, కాస్త అల్ట్రామెరీన్, అంతే. మా పెద్దమ్మ ముఖం మొదట్నుంచీ నేను తెలుపు కాక ఈ మూడింటితోనే వేస్తున్నాను.

తెలుపు విషయంలో మాత్రం చెయ్యి బిగపట్టాలి. రంగు లేతచేయాలని టైటానియం తెలుపు కలిపితే చామనఛాయ వెలగదు, బూడిద పట్టినట్టవుతుంది. తెలుపు అన్ని రంగులనూ సమంగా వెనక్కి పంపుతుంది కాబట్టి ఎరుపు నారింజల సాంద్రత పడిపోయి చల్లబడుతుంది. లేతచేయడానికి తెలుపుతోపాటు ఓకర్ వెయ్యాలి. ఇంకో తేడా మెరుపులో ఉంది. చర్మం పైనుంచే తిరిగివెళ్ళే ఆ నాలుగైదు శాతం వెలుగు అందరికీ ఒకటే. లోపలి నుంచి వచ్చేది ముదురు చర్మంలో తక్కువ. అందువల్ల నల్లని ముఖాల్లో మెరుపు ఎక్కువ పని చేస్తుంది, ముక్కూ చెక్కిలీ ఎక్కడ తిరిగాయో అదే చెబుతుంది. ఆ మెరుపుకు చర్మం రంగు ఉండదు, వెలుగు వచ్చిన చోటి రంగు ఉంటుంది. కిటికీ పక్కన కూర్చున్న ముఖం మీద అది ఆకాశపు లేత నీలం. ఈ ఒక్కటి గమనిస్తే మన ముఖచిత్రాల్లో సగం జీవం వచ్చేస్తుందని నా అభిప్రాయం.

చేతి మీద నరాలు నీలంగా కనిపిస్తాయి కదా, లోపల నీలరక్తమేమీ లేదు. 1996లో వచ్చిన ఒక పరిశోధన ఆ నరాల మీది నుంచి వచ్చే వెలుగును కొలిచి చూపింది. అందులో నీలం కంటే ఎరుపే ఎక్కువ. చుట్టూ ఉన్న చర్మంతో పోలిస్తే ఎరుపు కాస్త తగ్గింది కాబట్టి కన్ను దాన్ని నీలం అంటుంది. స్వీడన్ చిత్రకారుడు ఆండెర్స్ జోర్న్ తెలుపు, ఓకర్, వెర్మిలియన్, నలుపు అనే నాలుగు రంగులతోనే ముఖాలు వేసేవాడని పేరు. నలుపూ తెలుపూ కలిపిన బూడిదను వెచ్చని చర్మం పక్కన పెడితే చాలు, అది నీలం పాత్ర పోషిస్తుంది. పారిస్‌లోని గోబెలిన్స్ అద్దకశాలలో పనిచేసిన రసాయనశాస్త్రవేత్త షెవ్రెల్ 1839లో అచ్చువేసిన లావాటి పుస్తకం నిండా ఉన్నది ఈ సంగతే. రంగు ఒంటరిగా ఉండదు, పొరుగును బట్టి మారుతుంది.

పోలిక రావడం మాత్రం రంగుకు సంబంధించింది కాదు. ముఖాలను గుర్తుపట్టే పనికి మెదడు కింది భాగంలో ఫ్యూజిఫామ్ మెలికలో ఒక చోటు ప్రత్యేకంగా చురుకవుతుందని మెదడు శాస్త్రవేత్త నాన్సీ కాన్‌విషర్ బృందం 1997లో చూపించింది. కళ్ళ మధ్య దూరంలో మిల్లీమీటరు తేడా వచ్చినా 'ఈవిడ వేరే ఎవరో' అని ఇంట్లో చిన్నపిల్లలు కూడా అంటారు. మోదుగ రేకు ఒకటి వంకర పోతే చెట్టుకు కూడా తెలియదు. ముఖం తలకిందులైతే ఆ నేర్పు చాలావరకు పోతుంది. మనస్తత్వశాస్త్రవేత్త పీటర్ థాంప్సన్ 1980లో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఫోటోలో కళ్ళూ నోరూ మాత్రం తిప్పేసి అతికించాడు. ఫోటో తలకిందులుగా ఉన్నంతసేపు అంతా మామూలుగానే ఉంటుంది, నిటారుగా పెట్టగానే భయపెడుతుంది. చిత్రకారులు బొమ్మనూ ఫోటోనూ తలకిందులు చేసి గీతలు సరిచూసుకోవడం ఇందువల్లే పని చేస్తుంది. మెదడు 'ఇది ముక్కు' అనడం మానేసి ఆకారాన్ని ఆకారంగా చూస్తుంది. పెద్దమ్మకు మాత్రం ఇది నచ్చదు. "నన్నెందుకురా అలా గబ్బిలంలా వేలాడదీశావు, ముందు తిన్నగా పెట్టు" అంటుంది.

ఉత్తరపు కిటికీ

స్టూడియోకి ఉత్తరపు కిటికీ ఉండాలని ప్రతి పుస్తకమూ రాస్తుంది. ఎండ నేరుగా రాదు, వెలుగు రోజంతా ఒకేలా ఉంటుంది అని. ఆ మాట ఆమ్‌స్టర్‌డామ్‌కు నిజం. హైదరాబాద్ ఉన్నది దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా నెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. అప్పుడు ఉత్తరపు కిటికీలోంచే ఎండ వస్తుంది. మోదుగలు పూసే ఫిబ్రవరి, మార్చిలో మాత్రం ఆ కిటికీ నమ్మకంగా పని చేస్తుంది.

రాత్రిపూట ఎల్ఈడీ కింద వేసేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. డబ్బా మీద ఉండే, ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపు ఆ లెక్కలో లేదు. చవక బల్బు 80 అని చెప్పుకుంటూనే ఎరుపును చంపేయగలదు, ముఖానికీ మోదుగకీ కావలసింది ఎరుపే.

పూట గడవని పువ్వు

మోదుగ ఆకు రాల్చి పూస్తుంది, కాబట్టి కొమ్మ మీద ఆకుపచ్చ దాదాపు ఉండదు. ముదురు ఆలివ్ రంగు మఖమల్ తొడిమ కప్పులోంచి చిలుక ముక్కులా వంగిన నారింజ రేకులు, వాటి వెనక వెండి నూగు. ఆ నారింజకు కారణం ఫ్లేవనాయిడ్ జాతి పదార్థాలు. హోళీకి నీళ్ళలో మరిగించి తీసే రంగు అదే. ట్యూబుల్లో దానికి దగ్గరగా వచ్చేది కాడ్మియం ఆరెంజ్, లేదా కార్లకు వేసే కొత్త తరం పైరోల్ ఆరెంజ్. కానీ ఏ ట్యూబూ ఎదురెండలోని రేకును అందుకోదు. అక్కడ వెలుగు రేకు వెనక నుంచి దాటి వస్తోంది, కాన్వాస్ వెనక సూర్యుడు లేడు. చేయగలిగిందల్లా చుట్టుపక్కల రంగులన్నిటినీ మందగింపజేయడం. నేపథ్యం బూడిద నీలమైతే నారింజ రెట్టింపు మండుతుంది.

ఇందులో కంటి మోసం కూడా ఉంది. నారింజను అరగంట తదేకంగా చూస్తే ఆ రంగుకు స్పందించే కణాలు అలసిపోయి, చూపు తిప్పిన చోటల్లా నీలిపచ్చ ఛాయ తేలుతుంది. ఆ స్థితిలో కలిపిన నీడ రంగులు మర్నాడు పొద్దున చూస్తే మనవి కానట్టే ఉంటాయి. మధ్య మధ్యలో బూడిద రంగు గోడనో నేలనో చూస్తుండటమే దీనికి మందు.

కోసిన కొమ్మ వాడిపోయేది నీళ్ళు లేక కాదు, నీళ్ళు ఎక్కక. కోసిన క్షణంలో నీటి గొట్టాల్లోకి గాలి బుడగలు దూరి దారి మూసేస్తాయి. ఇంటికి తెచ్చాక కొమ్మ చివర నీళ్ళలో ముంచి ఉంచి మళ్ళీ కత్తిరిస్తే కొన్ని గంటలు కలిసొస్తాయి. ఆ గంటల్లోనే పని ముగియాలి కాబట్టి పువ్వుకు గ్లేజులు కుదరవు. తడి మీద తడి వేసి ఒక్క విడతలోనే తేల్చేయాలి. రంగు ఆరకపోవడం ముఖానికి విసుగే కానీ ఇక్కడ వరం. రేకు అంచును వేలితో కలపొచ్చు, తప్పనిపించింది గీకేయొచ్చు. 1882-83లో జబ్బుపడి కదలలేని ఫ్రెంచి చిత్రకారుడు మానే, స్నేహితులు తెచ్చిన గుత్తులను గాజు కూజాల్లో పెట్టుకుని చిన్న కాన్వాసుల మీద అలాగే వేశాడు. 1841లో జాన్ గాఫ్ రాండ్ తగరపు ట్యూబుకు పేటెంట్ తీసుకోకముందు, రంగు పంది మూత్రాశయపు సంచుల్లో ఉన్న రోజుల్లో, ఇంత తేలిగ్గా ఇది అయ్యేపని కాదు.

డచ్చి పూల చిత్రకారులు ఇంకో దారి పట్టారు. వాళ్ళ గుత్తుల్లో ఒకేసారి పూయని పూలు పక్కపక్కన ఉంటాయి. యాన్ వాన్ హైసమ్ పసుపు గులాబి పూసే దాకా బొమ్మ పూర్తికాదని గిరాకీదారుకు ఉత్తరం రాసి కూర్చున్నాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆయన పూలకుండీ బొమ్మ మీద 1736, 1737 అని రెండు సంవత్సరాలున్నాయి. ఏడాదిపాటు పువ్వు కోసం ఆగిన ఆ ఓపిక నాకు లేదు. ఆయన గీసిన నీటిబొట్టు కూడా నాకు రాదనుకోండి.

వెలిసిపోయిన గులాబీలు

పువ్వు వాడుతుందని తెలుసు. బొమ్మలో పువ్వు కూడా వాడుతుందని వాన్ గో చిత్రాలు చెప్పాయి. 1890 మేలో సాన్‌రెమీ ఆసుపత్రి వదిలే ముందు రోజుల్లో అతను ఐరిస్ పూలు రెండు, గులాబీలు రెండు, పెద్ద కాన్వాసులు నాలుగు వేశాడు. మందపాటి రంగు ఆరకపోవడంతో వాటిని అక్కడే వదిలి వెళ్ళాడు. నెల దాటాక అవి అతను తర్వాత చేరిన ఒవేర్ ఊరికి వచ్చాయి. ఉత్తరంలో గులాబి రంగు పూలని రాసుకున్నవి ఇప్పుడు దాదాపు తెల్లగా ఉన్నాయి. ఊదా రంగు ఐరిస్‌లు నీలమయ్యాయి. అతను వాడిన ఎరుపు లేక్ రంగులు, ముఖ్యంగా ఇయోసిన్‌తో చేసింది, వెలుగుకు తట్టుకోలేదు. ఆ ఇయోసిన్ ఇప్పటికీ మన ప్యాథాలజీ ల్యాబుల్లో కణజాలం ముక్కలకు గులాబి రంగు అద్దుతూనే ఉంది. అక్కడ దాన్ని చీకటి పెట్టెల్లో దాస్తారు కాబట్టి బతికిపోయింది.

లేక్ అంటే నీళ్ళలో కరిగే అద్దకపు రంగును పటిక సాయంతో కరగని పొడిగా పట్టి ఉంచడం. కలంకారీ పనివాళ్ళు పటిక నీళ్ళు పూసిన చోటే చిరివేరు ఎరుపు నిలబడేలా చేసేది కూడా ఇదే రసాయనంతో. అక్కడ అల్యూమినియం రంగును నూలుకు కట్టేస్తుంది, ఇక్కడ పొడికి. చిరివేరులో ఉన్న అలిజరిన్‌ను 1868లో గ్రేబ, లీబెర్‌మాన్ అనే జర్మన్లు ప్రయోగశాలలో తయారుచేశారు. అలిజరిన్ క్రిమ్సన్ ట్యూబు దాని సంతానం. ఇయోసిన్ కంటే గట్టిదే గాని, తెలుపుతో కలిపి లేతచేస్తే వెలిసే గుణం దీనికీ ఉంది. గులాబీలకు, బుగ్గలకు సరిగ్గా అలాగే వాడతాం మరి.

ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో పి.ఆర్. 83 అని ఉంటే అది అలిజరిన్. పి.వి. 19, పి.ఆర్. 122 అని ఉంటే క్వినాక్రిడోన్, 1958లో మార్కెట్లోకి వచ్చిన రంగులు, వెలుగుకు బాగా తట్టుకుంటాయి. ముందువైపు ముద్రించిన అందమైన పేర్ల కంటే ఈ అంకెలే నమ్మదగినవి. 'రోజ్' పేరుతో అమ్మే విద్యార్థుల ట్యూబుల్లో ఏముందో తిప్పి చూడకుండా కొనవద్దు.

ఇక కొన్ని జాగ్రత్తలు. నూనె ఆరేటప్పుడు వేడి కూడా పుడుతుంది. కాన్వాస్ మీద పలచగా ఉన్నప్పుడు అది గాలిలో కలిసిపోతుంది. అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వేడి లోపలే చిక్కుకుని, నిప్పు పెట్టకుండానే అంటుకోగలదు. ఎండాకాలం బాల్కనీలో ఇది వట్టి బెదిరింపు కాదు. గుడ్డలను విడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో ముంచి మూతడబ్బాలో పెట్టాలి. టర్పెంటైన్ ఉన్న గదిలో కిటికీ తెరిచి ఉంచడం, కుంచె నోట్లో పెట్టుకోకపోవడం చెప్పక్కర్లేదనుకుంటాను. సీసం, కాడ్మియం రంగులు వాడేవాళ్ళయితే పని పూర్తిచేసి చేతులు కడిగాకే టీ.

బొమ్మను బీరువా వెనక చీకట్లో దాస్తే నూనె పసుపెక్కుతుంది. వెలుతురు తగిలే చోట కొన్నాళ్ళు ఉంచితే చాలావరకు దిగిపోతుంది. పెట్టెలో ప్రయాణం చేసి పసుపెక్కిన బొమ్మలను ఎండలో పెట్టమని రూబెన్స్ కూడా తన ఉత్తరాల్లో రాశాడు. మన ఎండకు మాత్రం అంత పని వద్దు, నీడపట్టున కిటికీ వెలుతురు చాలు. వార్నిష్ తొందర కూడా వద్దు. పైన వేలికి అంటకపోయినా లోపల ఆక్సిజన్ పని నెలల తరబడి సాగుతుంది. పలచటి బొమ్మకు ఆరు నెలలు, మందంగా వేసినదానికి ఏడాది ఆగమంటారు. అనుమానముంటే మూలన ఓ చిన్న చోట దూదిని కాస్త టర్పెంటైన్‌లో తడిపి మెల్లగా రుద్ది చూడాలి. దూదికి రంగంటితే ఇంకా ఆగాలి. ఉగాదికి వేసిన మోదుగకు ఆ పరీక్ష దసరా దాటాకే.